రత్నమాల చాప

యేసుపాదానికి అసూయ పట్టుకుంది. ఎవరి మీదో చెబితే నవ్వుతారు. కన్నతల్లి పేరు పెట్టి మరీ ఎవరి పాదాల దగ్గర పడేసిందో, ఆ ప్రభువు మీదే.

వట్లూరు రోడ్డు మీద అతనికి మోటారు వైండింగు షాపుంది. చేపల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లు కాలిపోతే కొల్లేటికోట నుంచీ, చుట్టుపక్కల లంకల నుంచీ రైతులు ఆ మోటార్లు తెచ్చి అతని గుమ్మంలోనే దించుతారు. మోటారు మీద చెయ్యి వేసి, ఒకసారి వాసన చూసి, ఎక్కడ కాలిందో చెప్పేస్తాడు. పనిమంతుడు. మాటకారి కాదు. ఆదివారం ఆరాధనకి తప్పకుండా వెళ్తాడు, వెనక వరసలో ఫ్యాను కింద కూర్చుంటాడు, ప్రసంగం నడుస్తున్నంతసేపూ ఫ్యాను బేరింగు చప్పుడు వింటూ ఇది ఇంకెన్నాళ్ళు తిరుగుతుందా అని ఆలోచిస్తాడు. ప్రార్థనల్లో అతనికి వచ్చింది పరలోక ప్రార్థన ఒక్కటే. అది కూడా గుంపులో అయితేనే సాఫీగా వస్తుంది. ఒంటరిగా చెప్పమంటే మధ్యలో ఎక్కడో తీగ తెగిపోతుంది.

భార్య రత్నమాల అలా కాదు. వరండాలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది, చీరలకి ఫాల్సు వేస్తుంది. పూటపూటా ఎసట్లో పోసే ముందు, కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి గూట్లోని రేకు డబ్బాలో వేస్తుంది. అది దేవుడి గుప్పెడు. వాళ్ళ అమ్మ వేసేది, అమ్మమ్మ వేసేది. డబ్బా నిండాక సంచీలో పోసి ప్రార్థన గుడికి పట్టుకెళ్తే, అక్కడ అందరి గుప్పిళ్ళూ కలిసి లేనివాళ్ళ ఇళ్ళకి చేరతాయి. ఇన్నేళ్ళ కాపురంలో యేసుపాదం ఆ గుప్పెడు సంగతి ఎప్పుడూ పట్టించుకోలేదు. అసూయ పట్టుకున్నాక మాత్రం అదీ కంట్లో నలుసైంది. నాకంటే ముందు ఆయనకి వడ్డనా అనుకున్నాడు.

అసలు ఇదంతా ఒక జలుబుతో మొదలైంది. క్రిస్మస్ వెళ్ళిన కొత్తలు, గుమ్మం మీద కాగితం స్టారు ఇంకా దించలేదు. ముక్కు దిబ్బడేసి, ఎప్పుడూ లేనిది యేసుపాదానికి తెల్లవారుజామునే మెలకువ వచ్చింది. పక్కన రత్నమాల లేదు. వెనక గదిలోంచి మాటలు వినబడుతున్నాయి. ఈ వేళప్పుడు ఫోనెవరు చేశారా అనుకున్నాడు. ఫోను చూస్తే అతని తలగడ పక్కనే ఛార్జింగులో ఉంది.

లేచి వెళ్ళి తలుపు చాటున నిలబడ్డాడు. కిటికీ కింద చాప పరుచుకుని, తల మీద కొంగు కప్పుకుని, కళ్ళు మూసుకుని రత్నమాల మాట్లాడుతోంది.

"నిన్న వెంకటనరసమ్మ గారు జాకెట్టు కొలతలకి వచ్చారు ప్రభువా. నడుం దగ్గర టేపు పెట్టేసరికి ఊపిరి బిగబట్టేశారు. వదిలాక ఆ జాకెట్టు పట్టదని నాకూ తెలుసు, నీకూ తెలుసు. ఆవిడకి చెప్పేదెవరు? నేనే కాస్త వదులుగా కుట్టేస్తున్నాను. అబద్ధమాడినట్టవుతుందా, నువ్వే చెప్పు."

ఆ తరవాత, గొంతులోనే నొక్కుకున్న ఒక నవ్వు.

యేసుపాదానికి ఆ నవ్వు తెలుసు. పెళ్ళైన కొత్తల్లో విన్నాడు. తరవాత అది ఎటు పోయిందో అతనెప్పుడూ వెతకలేదు. ఇదిగో, ఇక్కడికొచ్చి దాక్కుందన్నమాట. ఇంట్లో పోయిన వస్తువు పొరుగింట్లో కనబడితే ఎలా ఉంటుందో అలా ఉంది అతనికి. పైగా ఆ పొరుగువాణ్ణి నిలదీయడానికి కూడా లేదు.

మళ్ళీ వచ్చి పడుకున్నాడు గానీ నిద్ర పట్టలేదు. ఆమె తనతో మాట్లాడే మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాడు. "అన్నం పెట్టమంటారా?" "గ్యాసు అయిపోయిందండీ." "మీకోసం ఎవరో రైతు వచ్చి వెళ్ళారండీ." అంతే. మొగుడికేమో ముక్తసరి, ప్రభువుకేమో ముచ్చట్లు. ఆయన్ని చనువుగా నువ్వు అంటోంది, తనతో ఏనాడూ మీరు దాటలేదు. లోకమంతా అలాగే ప్రార్థిస్తుందని అతనికి తెలియక కాదు, తెలిసినా మండింది.

ఆయనకేం, ఆయన కాఫీ అడగడు. గ్రీజు చేతులతో తువ్వాలు పాడుచెయ్యడు. కూరలో ఉప్పెక్కువైందని అనడు. అలాంటివాడితో ఎవరైనా నవ్వుతూనే మాట్లాడతారు అని తనలో తనే గొణుక్కున్నాడు.

ఆ రోజు నుంచి యేసుపాదం రోజూ తెల్లవారుజామునే లేచి తలుపు చాటుకి చేరడం మొదలుపెట్టాడు. ఊళ్ళో ఎవరికైనా తెలిస్తే ఎంత భక్తి అనుకునేవారు. రత్నమాల ఆ చాప మీద చెప్పని సంగతంటూ లేదు. చేతిలో సూది దిగిన సంగతి, గుళ్ళో అయ్యగారి ప్రసంగం ఏ ముక్క దగ్గర బాగుందో, ఏ ముక్క దగ్గర నిద్రొచ్చిందో, అన్నీ చెప్పేది. ఒకరోజు తను పుట్టిన లంక గురించి చెప్పింది. చిన్నప్పుడు నాన్న దోనె ముందు కొనలో కూర్చుని, కొల్లేట్లో చెయ్యి ముంచి, నీళ్ళు వేళ్ళ మధ్య నుంచి జారిపోతుంటే చూసేదట. ఒక్కసారి మళ్ళీ అలా కూర్చోవాలని ఉంది తండ్రీ అంది. యేసుపాదం ముక్కు చిట్లించాడు. కొల్లేటికోట వైపు వారానికోసారి బండి మీద పోయి వస్తాడు తను. అక్కడేముంది, చెరువులూ, గట్లూ, కాలిన మోటార్లూ తప్ప?

ఈ సంగతులన్నీ నాకెందుకు చెప్పదు అని తనని తనే ప్రశ్నించుకున్నాడు ఒకనాడు. జవాబు అతని దగ్గరే ఉంది. కాపురానికొచ్చిన కొత్తల్లో రత్నమాల చెప్పబోయింది. బజారుకి వెళ్ళి వస్తే బయల్దేరిన దగ్గర నుంచి మొదలుపెట్టేది. దారిలో ఎవరు కనబడ్డారు, వాళ్ళు ఏ రంగు చీర కట్టారు, ఏమన్నారు... అతను తీగ చుడుతూ తల ఎత్తకుండానే "అసలు సంగతి చెప్పు" అనేవాడు. మోటారు తిరుగుతోందా, లేదా? అంతే కావాలి అతనికి. ఆమె ఒకటి రెండు ఏళ్ళు ప్రయత్నించింది. తరవాత తరవాత అసలు సంగతులు మాత్రమే చెప్పడం నేర్చుకుంది. ఈ మాట గుర్తొచ్చి యేసుపాదం కాసేపు బాధపడ్డాడు. కానీ అసూయ గట్టిది. తన తప్పు తెలిసిన మనిషిలో అది ఇంకా గట్టిగా ఊరుతుంది.

అంతలో మిక్సీ సంగతి వచ్చింది. ఊరందరి మోటార్లూ తిప్పే మనిషి ఇంట్లో మిక్సీ వానాకాలం నుంచీ చచ్చి పడుంది. అడిగినప్పుడల్లా "చూస్తాలే" అనేవాడు. ఆ తెల్లవారుజామున రత్నమాల ప్రభువుతో అంది:

"ఈయనకి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది తండ్రీ. ఇక నువ్వే చూసుకో. రోలు దగ్గర కూర్చుంటే మోకాళ్ళు లేవనంటున్నాయి."

నా ఇంట్లో మోటారు పాడైతే బయటివాడికి చెప్పుకోవడమా అని ఉడికిపోయాడు యేసుపాదం. బయటివాడు అన్నందుకు వెంటనే నాలిక కరుచుకున్నాడు గానీ, ఉడుకు తగ్గలేదు. ఆ మధ్యాహ్నం రత్నమాల లైనింగు గుడ్డ కోసం ఏలూరు బజారుకి వెళ్ళగానే షాపు మూసి ఇంటికొచ్చాడు. మిక్సీ విప్పాడు. అరిగిపోయిన కార్బన్ బ్రష్షులు మార్చాడు, కంగారులో వైరు పట్టుకుని షాకు కొట్టించుకున్నాడు, మళ్ళీ బిగించి ఏమీ ఎరగనట్టు మూలన పెట్టేసి పోయాడు. ఇప్పుడు చూద్దాం, ఎవరితో నవ్వుతుందో!

మర్నాడు పొద్దున్న పేపరు అడ్డం పెట్టుకుని హాల్లో కూర్చున్నాడు. కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో కనబడక అక్షరం ముక్క చదవలేకపోతున్నాడు, అయినా పేజీలు తిప్పుతున్నాడు. వంటింట్లో రత్నమాల అలవాటుగా మిక్సీ స్విచ్చి నొక్కి చూసింది. మిక్సీ గర్రుమంది. తరవాత ఆమె గొంతు, తడిగా:

"దేవునికి స్తోత్రం!"

అంతే. ఇడ్లీలోకి కొబ్బరి పచ్చడి వచ్చింది, మాట రాలేదు. కాసేపటికి అతని కళ్ళజోడు తెచ్చి, పైటకొంగుతో తుడిచి చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఎక్కడ దొరికిందని అతను అడగలేదు. అతని బుర్రంతా స్తోత్రం దగ్గరే ఆగిపోయింది.

ఆదివారం గుళ్ళో సాక్ష్యాల సమయం వచ్చింది. వారంలో ప్రభువు తమకి చేసిన మేలేదో ఎవరైనా లేచి నిలబడి సంఘంలో చెప్పుకునే వేళ అది. రత్నమాల లేచింది.

"చాలాకాలంగా అడుగుతున్న ఒక మనవికి ప్రభువు జవాబిచ్చాడండీ. మొన్న పొద్దున్న మా వంటింట్లో మిక్సీ తిరిగింది."

గుడంతా నవ్వి చప్పట్లు కొట్టింది. అయ్యగారు కూడా నవ్వుతూ, మన ప్రభువు చిన్న మనవిని చిన్నచూపు చూడడమ్మా అన్నారు. వెనక వరసలో యేసుపాదం షాకు కొట్టిన వేలిని ఒత్తుకుంటూ కూర్చున్నాడు. కష్టం ఒకరిది, కీర్తి ఇంకొకరిది. లేచి "ఆ బ్రష్షులు మార్చింది నేనండీ" అని అరవాలనిపించింది. అరిస్తే, రోజూ దొంగచాటుగా వింటున్న సంగతి బయటపడుతుంది. అరవకపోతే పేరంతా ప్రభువుకి పోతుంది. రెండు వైపులా కరెంటే.

సరే, ఇది చిన్నపని కాబట్టి తెలియలేదు, పెద్దపని చేస్తే తెలుస్తుంది అనుకున్నాడు.

పెద్దపని కోసం ఎక్కువ రోజులు ఆగక్కర్లేకపోయింది. వాళ్ళమ్మాయి ప్రసూనని తాడేపల్లిగూడెం ఇచ్చారు. మనవడి బాప్తిస్మం విందులో యేసుపాదం ఆ ఇంటి ఇన్వర్టరు వైరింగు చూసి "ఇది చేసినవాడికి చేతులున్నాయా?" అన్నాడు, పదిమందిలో. చేసినవాడు పక్కనే నిలబడి ఉన్నాడు. అల్లుడు పవన్‌కుమారే. ఆ పూట నుంచి రాకపోకలు నిలిచిపోయాయి. తెల్లవారుజామున చాప మీద రత్నమాల ఈసారి నవ్వలేదు.

"బిడ్డ నడక నేర్చాడట తండ్రీ. ఫోనులో చూశాను. ఈయన ఒక్క మాట అంటే సరిపోతుంది. అనరు. నేను అడగను. నువ్వే దారి చెయ్యి."

యేసుపాదం మధ్యాహ్నం పాసింజరు ఎక్కాడు. ఏలూరు నుంచి భీమడోలు దాకా కోపంగా వెళ్ళాడు, భీమడోలు నుంచి గూడెం దాకా భయంగా వెళ్ళాడు. అల్లుడు కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు, ఎదురుగా నిలబడ్డాడు. యేసుపాదం కళ్ళు వద్దన్నా గోడ మీదికే పోతున్నాయి. వైరింగు అప్పటికంటే దరిద్రంగా ఉంది.

"బాబూ, ఆవేళ నేనన్న మాట తప్పు" అన్నాడు. "వైరింగు... బాగానే ఉంది."

"అయ్యో, మీరలా అనకండి మావయ్యగారూ. నాక్కూడా కోపం అన్నాళ్ళు ఉండకూడదండీ" అన్నాడు పవన్‌కుమార్.

"అమ్మాయినీ, పిల్లాణ్ణీ నాలుగు రోజులు పంపు బాబూ. వాళ్ళమ్మకి చూడాలని ఉంది."

వచ్చేటప్పుడు గుమ్మంలో కూతురి చేతులు పట్టుకుని, నేనొచ్చానని మీ అమ్మకి చెప్పకు అని మరీ మరీ చెప్పాడు. ఎందుకు నాన్నా అంటే చెప్పులు వెతుక్కున్నాడు. ఎవరూ చెప్పకుండా తనంతట తనే కనిపెట్టి, తన వైపు తిరిగి, ఒక్కసారి ఆ నవ్వు నవ్వాలి. అది కావాలి అతనికి. ఇంత వయసొచ్చిన మనిషి ఇది కూతురితో ఎలా చెబుతాడు?

ప్రసూన వచ్చింది. పిల్లాడు వరండా అంతా తప్పటడుగులు వేశాడు, కుట్టుమిషను పెడలు పట్టుకుని ఊగాడు. రత్నమాల వాణ్ణి ఎత్తుకుని పైకి చూసి స్తోత్రం అంది. ఆదివారం మళ్ళీ లేచి "అడిగిన మనవికే మళ్ళీ జవాబు వచ్చిందండీ, మా ప్రసూన వచ్చింది" అని కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ చప్పట్లు. యేసుపాదానికి ఒళ్ళంతా మంట. పాసింజరులో నిలబడి వెళ్ళింది ఎవరు? ఆ వైరింగు బాగుందని అబద్ధమాడింది ఎవరు? ఆయన పరిశుద్ధుడు కాబట్టి ఆయన చేత అబద్ధం కూడా ఆడించలేరు. అన్నీ తను చెయ్యాలి, అన్నీ ఆయన పద్దులో పడాలి.

ఆ తరవాత చాప మూగబోయింది.

ప్రసూన వెళ్ళిన మర్నాడు యేసుపాదం ఎప్పటిలాగే తలుపు చాటుకి వెళ్ళాడు. రత్నమాల మోకరించి ఉంది, కొంగు కప్పుకుని ఉంది, పెదవులు కదులుతున్నాయి. మాట మాత్రం బయటికి రావడం లేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఈస్టరు ముందు వచ్చే శ్రమల దినాలు మొదలయ్యాయి, ఆమె ఇంకా ఎక్కువసేపు మోకరిస్తోంది, ఒక్క ముక్క వినబడదు. ఇన్నాళ్ళూ వినబడుతోందని అసూయపడిన మనిషికి ఇప్పుడు వినబడక పిచ్చెక్కింది. ఇదివరకు కనీసం వాళ్ళేం మాట్లాడుకుంటున్నారో తెలిసేది. ఇప్పుడు గుసగుసలు. తనకి తెలియకూడనివి ఏవో ఉన్నాయన్నమాట.

కాఫీ తాగుతూ, యథాలాపంగా అడుగుతున్నట్టు అడిగాడు.

"ఏంటి, ఈమధ్య నీ ప్రార్థన వినబడట్లేదు?"

"మనసులో చేసుకుంటున్నానండీ."

"ఏమని చేసుకుంటున్నావు?"

"ఏదోలెండి. మాది మాకుంటుంది" అని గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది.

మాది, మాకు! ఆ మాట పట్టుకుని షాపులో రోజంతా కుమిలాడు. చేతిలో సన్న తీగ పదేపదే తెగింది. కుడిచేతి బొటనవేలు వణుకుతోంది. కోపంతో అనుకున్నాడు. కోపం లేని రోజుల్లో కూడా వణుకుతోందని అతనికి తెలుసు. దసరా ముందు నుంచీ వణుకుతోంది. కొల్లేటికోట రైతు సుబ్బరాజు మోటారు పక్కన పెట్టి, ఇది రేపు చూద్దామండీ అని పంపేశాడు. సుబ్బరాజుకి రేపు అన్న మాట అతని నోట వినడం అదే మొదలు.

శుక్రవారం గుళ్ళో ఉపవాస ప్రార్థన. మధ్యాహ్నం యేసుపాదం అన్నానికి ఇంటికొచ్చేసరికి గిన్నెల మీద మూతలు పెట్టి ఉన్నాయి, రత్నమాల అప్పటికే గుడికి వెళ్ళిపోయింది. ఇల్లు ఖాళీగా ఉంది. వెనక గదిలోకి వెళ్ళాడు. చుట్టిన చాప గోడకి ఆనించి ఉంది. దాన్ని చూస్తే ఒళ్ళు మండింది. లాగి కిటికీ కింద పరిచాడు. మోకరించబోతే మోకాళ్ళు ఒప్పుకోలేదు, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కళ్ళు మూసుకోవాలా వద్దా తేల్చుకోలేక ఒకటి మూశాడు.

"ప్రభువా, నేను యేసుపాదాన్ని. వట్లూరు రోడ్డులో మోటారు వైండింగు. రత్నమాల భర్తని."

ఆగాడు. తన గొంతు తనకే కొత్తగా ఉంది.

"నీకు పరిచయం అక్కర్లేదులే. రోజూ వింటూనే ఉంటావు నా సంగతులు. అసలు ఒక మాట చెప్పు. మిక్సీ బాగుచేసిందెవరు? షాకు కొట్టింది ఎవరికి? గుళ్ళో చప్పట్లు నీకు. పోనీలే. గూడెం వెళ్ళి అల్లుడి ముందు తల వంచుకుంది ఎవరు? స్తోత్రం నీకు. అదీ పోనీలే. పైవాడివి, నీతో పోటీ ఏంటి? కానీ ఆ నవ్వు నాది. అది నేను పోగొట్టుకున్నాను, నువ్వు ఉంచుకున్నావు. నేను వినలేదు కాబట్టి నీ దగ్గరికొచ్చింది, ఒప్పుకుంటాను. అసలు సంగతి చెప్పు, అసలు సంగతి చెప్పు అని నేనే తరిమాను. ఇప్పుడు అడుగుదామంటే మొహం చెల్లట్లేదు. అడిగితే మాత్రం చెబుతుందా? మాది మాకుంటుందట. ఇంకో సంగతి. నా చెయ్యి వణుకుతోంది. దసరా ముందు నుంచి. సన్న తీగ చుట్టలేకపోతున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఈ చెయ్యి పోతే నేనేంటి ప్రభువా? నాకు మాటలు రావు, పని ఒక్కటే వచ్చు..."

ఎక్కడ మొదలుపెట్టాడో ఎటు పోతున్నాడో అతనికే తెలియలేదు. నాన్న దగ్గర పని నేర్చుకున్న రోజులు వచ్చాయి, మొదటిసారి మోటారు తిప్పి మురిసిపోయిన సంగతి వచ్చింది, సుబ్బరాజు మొహం వచ్చింది. ఒకదానికీ ఒకదానికీ పొంతన లేదు. చాలాసేపయ్యాక తట్టింది అతనికి. ఇంతసేపైనా అవతల ఎవరూ అసలు సంగతి చెప్పు అనలేదు. తను చెబుతున్నంతసేపూ వింటున్నట్టే ఉంది. ఓహో, ఇందుకా అనుకున్నాడు. రోజూ చీకటితోనే లేచి వచ్చేది ఇందుకా.

వెనక ఏదో కదిలిన చప్పుడైంది. తిరిగి చూశాడు. అతను రోజూ నిలబడే చోటే, తలుపు చాటున, రత్నమాల నిలబడి ఉంది.

"బియ్యం సంచీ మర్చిపోయానండీ" అంది.

"ఎంతసేపైంది వచ్చి?"

"మిక్సీ దగ్గర్నుంచీ ఉన్నాను."

యేసుపాదానికి భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది. ఆమె నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. దగ్గరికొచ్చి అతని కుడిచెయ్యి తీసుకుని, బొటనవేలు తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. అది వణుకుతూనే ఉంది.

"దసరా ముందు నుంచా?" అంది. "పక్కనే పడుకుంటాను. మూడు పూటలా ఈ చేతికే అన్నం పెడతాను. ఆయనకి చెప్పారు. నాకు చెప్పాలనిపించలేదా మీకు?"

ఆ గొంతులో బాధ ఉంది, దాని అడుగున ఇంకోటి ఉంది. అది యేసుపాదానికి బాగా తెలుసు. క్రిస్మస్ నుంచీ తన లోపల మోగుతున్నది అదే.

"నువ్వు మాత్రం?" అన్నాడు. "మిక్సీ నేనే చేశానని నీకు..."

"తెలుసండీ. కళ్ళజోడు మిక్సీ వెనకే పెట్టి వెళ్ళారు. గూడెం వెళ్ళారనీ తెలుసు. పిల్లాడు మీ జేబులో ఉండే స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకుని ఆటో దిగాడు, ఏమీ చెప్పొద్దన్నారని ప్రసూన నోరు మెదపలేదు."

"మరి తెలిసీ, స్తోత్రం ఆయనకి చెబుతావేంటి?"

రత్నమాల చాప అంచు మీద కూర్చుంది.

"నేను సాక్ష్యం చెప్పింది మిక్సీ గురించి కాదండీ. చాలాకాలంగా అడుగుతున్న మనవి అన్నాను. వానాకాలంలో పాడైన మిక్సీ కోసం ఎవరైనా చాలాకాలం ప్రార్థన చేస్తారా? కాపురానికొచ్చిన కొత్తల నుంచీ ఒకటే అడుగుతున్నాను, ఈయన నా మాట వినేలా చెయ్యి తండ్రీ అని. ఆ పొద్దున్న మిక్సీ తిరిగింది. విన్నారు! తలుపు చాటునైతేనేం, విన్నారు. విన్నది మీరే. మిమ్మల్ని ఆ తలుపు దాకా తెచ్చింది ఆయన. నేను ఎవరికి చెప్పాలి స్తోత్రం?"

యేసుపాదం చాపలో లేచిన పుల్లని వేలితో నొక్కాడు. నెమ్మదిగా అడిగాడు.

"మరి మాటలు ఎందుకు ఆపేశావు?"

"మీరు వింటున్నారని తెలిసీ ప్రసూన సంగతి పైకి చెప్పాను, ఆ తరవాత నాకు భయమేసిందండీ. ప్రభువుతో మాట్లాడుతున్నానో, ఆయన్ని అడ్డం పెట్టుకుని మీకు అర్జీ పెడుతున్నానో నాకే తెలియకుండా పోయింది. ఆయన్ని అలా వాడుకోవడం తప్పనిపించింది. మీతో ఎదురుగా చెప్పడమేమో ఎప్పుడో మర్చిపోయాను. ఏం చెయ్యను, నోరు మూసుకున్నాను."

రత్నమాల లేచి బియ్యం సంచీ అందుకుంది. గుడి దాకా బండి మీద దింపండి, ఆలస్యమైపోయింది అంది. అతను సంచీ ముందు పెట్టుకుని బండి తీశాడు. దారంతా ఆ దేవుడి గుప్పిళ్ళు అతని మోకాళ్ళకి వెచ్చగా ఆనుకుని ఉన్నాయి.

మర్నాడు తెల్లవారుజామున యేసుపాదానికి మెలకువ వచ్చేసరికి పక్కన రత్నమాల లేదు. కాళ్ళు అలవాటుగా తలుపు చాటుకి తీసుకెళ్ళాయి. లోపల చాప పరిచిన చప్పుడైంది.

"అక్కడ గచ్చు చల్లగా ఉంటుందండీ. ఇలా రండి."

వెళ్ళాడు. చాప ఒక్కరికే సరిపోయేది, సగం గచ్చు మీద కూర్చున్నాడు. రత్నమాల కొంగు సర్దుకుని, కళ్ళు మూసుకుని, గొంతు విప్పి మొదలుపెట్టింది.

"తండ్రీ, ఇవాళ ఈయన కూడా వచ్చారు. చెయ్యి సంగతి నీకు ముందే చెప్పారట, నాకు తరవాత తెలిసింది. ఆ విషయంలో నీ మీద నాకు కొంచెం కోపంగానే ఉంది, ఏమీ అనుకోకు. సోమవారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. రానంటారు. రానన్నా తీసుకెళ్తాను, తోడు రా. సుబ్బరాజు గారి మోటారుకి సన్న తీగ ఈయన దగ్గరుండి చెబుతుంటే నేను చుడతాను. జాకెట్టు హుక్కులు కుట్టే చేతులకి తీగ ఒక లెక్కా? నువ్వే చెప్పు."

యేసుపాదం రెండు కళ్ళూ మూసుకునే విన్నాడు. మధ్యలో ఎక్కడా అసలు సంగతి చెప్పు అనాలనిపించలేదు. ఆమె వెంకటనరసమ్మ గారి జాకెట్టు దగ్గరికి వెళ్ళింది, అది ఆవిడకి ఒంటికి అతికినట్టు పట్టిందని చెప్పింది, అక్కడి నుంచి మనవడి దగ్గరికి, మనవడి దగ్గర నుంచి తన నాన్న దగ్గరికి వెళ్ళింది. గొంతు కాస్త తగ్గింది.

"ఇంకో మనవి తండ్రీ. ఇది ఇదివరకే చెప్పాను. నాన్న దోనెలో లాగా, కొల్లేట్లో ఒక్కసారి చెయ్యి ముంచి..."

ఆలస్యం చేస్తే ఇదీ ఆయన పద్దులో పడిపోతుంది. యేసుపాదం ఆమెన్ దాకా ఆగలేదు.

"ఆదివారం ఆరాధన అవగానే వెళ్దాం" అన్నాడు గట్టిగా. "సుబ్బరాజు గారిని దోనె అడుగుతాను. నువ్వు ముందు కొనలో కూర్చో."

రత్నమాల ప్రార్థన మధ్యలో ఆపేసి కళ్ళు తెరిచింది. గచ్చు మీద సగం, చాప మీద సగం కూర్చుని, ప్రభువు కంటే ముందు పలికానన్న సంబరంతో చూస్తున్న మొగుణ్ణి చూసింది. నవ్వొచ్చింది. గొంతులో నొక్కుకోవాలని చూసింది గానీ ఆగలేదు.

ఆ నవ్వు ఈసారి యేసుపాదం వైపు తిరిగి ఉంది.